బ్రేక్ హోస్ పైపులు: పైకి నిగనిగలాడినా లోపల మూసుకుపోవచ్చు. చూసుకోవడం, మార్చుకోవడం ఎలా

పెడల్ తొక్కగానే మాస్టర్ సిలిండర్ (పెడల్ బలాన్ని బ్రేకు ఆయిల్ ఒత్తిడిగా మార్చే పంపు) నుంచి బయల్దేరిన ఒత్తిడి చాలా దూరం స్టీలు పైపుల్లోనే ప్రయాణిస్తుంది. చక్రం దగ్గరికి వచ్చాక చివరి జానెడో మూరెడో మాత్రం రబ్బరు హోస్‌లో పోవాలి. బాడీ ఒక చోట నిలబడి ఉంటే చక్రం గుంతల్లో పైకీ కిందికీ ఊగుతుంది, ముందు చక్రమైతే స్టీరింగ్‌తో పాటు పక్కలకు కూడా తిరుగుతుంది. అక్కడ స్టీలు పైపు వేస్తే నాలుగు రోజుల్లో విరిగిపోతుంది. ఆ కదలికంతా హోసే భరించాలి.

మామూలు కారులో ఇవి నాలుగుంటాయి, ముందు రెండు, వెనక రెండు. కొన్నిటిలో వెనక ఒక్కో చక్రానికి రెండేసి ముక్కలుంటాయి. వెనక ఒకే గట్టి యాక్సిల్ ఉన్న కొన్ని బండ్లలో మధ్యలో ఒక్కటే ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు మీ బండి కింద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. వెనక యాక్సిల్ పైన దాక్కున్న ముక్కను మర్చిపోవడం మామూలే.

హోస్ లోపలి రంధ్రం సుమారు 3.2 మి.మీ. మాత్రమే, బయటి మందం 10 మి.మీ. పైచిలుకు. లోపలి గొట్టం, బయటి తొడుగు ఈపీడీఎం అనే రబ్బరుతో ఉంటాయి. ఆ రెండిటి మధ్యలో సాధారణంగా రెండు పొరల దారపు అల్లిక ఉంటుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు లోపల 70 నుంచి 100 బార్ దాకా ఒత్తిడి పుడుతుంది. టైరులో ఉండే గాలి రెండు బార్ పైచిలుకే కదా, దాంతో పోల్చి చూసుకోండి. ఈ ఒత్తిడిని ఆపేది రబ్బరు కాదు, ఆ దారపు అల్లిక. లోపలి రబ్బరు ఆయిల్‌ని అల్లికలోకి పోనివ్వదు, బయటి రబ్బరు నీళ్లు, రాళ్లు తగలకుండా కాస్తుంది. హోస్ బాగుందా పోయిందా అని తేల్చేటప్పుడు ఈ మూడు పొరల్లో ఏది దెబ్బతిన్నదో చూడాలి.

బయట చూడాల్సినవి

బండి నేల మీద ఉండగానే స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి ముందు హోస్‌ని టార్చి వేసి చూడండి. తర్వాత రెండో పక్కకు తిప్పి చూడండి. హోస్ ఎక్కడా తీగలా సాగకూడదు, టైరుకో రిమ్ముకో షాక్ అబ్జార్బర్‌కో తగలకూడదు. రాసుకుంటున్న చోట రబ్బరు మెరుస్తూ చదునుగా ఉంటుంది, దుమ్ము పట్టదు. హోస్ అంతా దుమ్ము కొట్టుకుని ఉండి ఒక్క చోట మాత్రం నల్లగా మెరుస్తుంటే రాపిడి అక్కడే ఉందన్నమాట.

ఆ తర్వాత జాకీతో ఎత్తి, తప్పకుండా స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రం తీసి చూడండి. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకుని కిందికి దూరొద్దు. హోస్‌ని బ్రష్‌తో, తడి గుడ్డతో తుడిచాక చేత్తో కొద్దిగా వంచండి. పగుళ్లు తిన్నగా ఉన్నప్పుడు కనపడవు, వంచితేనే నోరు తెరుస్తాయి. ఎక్కువ పగుళ్లు రెండు చివర్లలో, లోహపు మూతి దగ్గర్నుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోపల వస్తాయి, ఎందుకంటే వంపంతా అక్కడే పడుతుంది.

పై రబ్బరు మీద వెంట్రుకంత సన్నని గీతలు ఉంటే అవి ఎండకు, ఓజోన్‌కు వచ్చిన ముసలితనపు గీతలు. వెంటనే ప్రమాదం లేదు, కానీ మార్చే రోజు దగ్గర పడిందని అర్థం. పగులు లోతుగా ఉండి లోపలి దారం కనపడితే ఇంకో కిలోమీటరు కూడా నడపొద్దు. తడి దారంలోకి పాకి అల్లికను కుళ్లబెడుతుంది, ఆ తర్వాత ఎప్పుడో గట్టిగా బ్రేకు తొక్కిన రోజున అది తెగుతుంది.

ఇప్పుడు ఒకరిని సీట్లో కూర్చోబెట్టి, ఇంజను ఆన్ చేసి, పెడల్ గట్టిగా తొక్కి పట్టమనండి. మీరు హోస్‌ని చేత్తో పట్టుకుని చూడండి. కొద్దిగా బిగుసుకోవడం సహజం. ఒక చోట బుడగలా ఉబ్బితే మాత్రం అక్కడ అల్లిక తెగిందని అర్థం, ఆ హోస్ పనికిరాదు. పట్టుకుంటే మెత్తగా, జిగటగా, స్పాంజిలా ఉన్న హోస్ కూడా పనికిరాదు. ఎవరో పెట్రోలియం నూనె గానీ గ్రీజు గానీ తగిలించి ఉంటారు. ఈపీడీఎం రబ్బరు బ్రేకు ఆయిల్‌ని ఏళ్ల తరబడి తట్టుకుంటుంది గానీ ఇంజను ఆయిల్ తగిలితే ఉబ్బిపోతుంది. మాస్టర్ సిలిండర్ డబ్బాలోనే పొరపాటున ఇంజను ఆయిల్ పోసి ఉంటే హోస్‌లు ఒక్కటే మారిస్తే సరిపోదు, సీళ్లన్నీ పోయినట్టే.

తడి కనపడితే అది ఏ తడో తేల్చుకోండి. బ్రేకు ఆయిల్ నీళ్లతో కలుస్తుంది, తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. గ్రీజు, షాక్ అబ్జార్బర్ ఆయిల్ నీళ్లతో పోవు. మూతి దగ్గర మొదలై హోస్ వెంబడి కిందికి జారిన తడి అయితే అనుమానం అక్కర్లేదు.

చాలా హోస్‌ల మీద తయారైన నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. పదేళ్లు దాటిన హోస్ బయటికి బాగానే ఉన్నా మార్చేయడమే మా సలహా. ఆరేడేళ్లు దాటితే ప్రతి సర్వీసులో చేత్తో వంచి చూడాలి. కిలోమీటర్ల లెక్క ఇక్కడ పనికిరాదు, ఎండలో నిలబడి ఉన్న బండి హోస్ కూడా ముసలిదవుతుంది.

లోపలి రోగం, పట్టుకునే పద్ధతి

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. బయటి రబ్బరు నిగనిగలాడుతూ ఉంటుంది, లోపలి గొట్టం మాత్రం ఉబ్బి, పొర ఊడి, ఆ 3 మి.మీ. దారిని మూసేస్తుంది. తొక్కినప్పుడు పెడల్ ఒత్తిడికి ఆయిల్ ఎలాగో నెట్టుకుని పోతుంది. వదిలాక దాన్ని వెనక్కి నెట్టే బలం చాలా తక్కువ, అందుకని తిరిగి రాలేదు. ఊడిన పొర తలుపు రెక్కలా అడ్డం పడితే హోస్ ఒకవైపే తెరుచుకునే వాల్వులా తయారవుతుంది. ప్యాడ్లు డిస్క్‌ని పట్టుకునే ఉంటాయి. చక్రం వేడెక్కుతుంది, ప్యాడ్ కాలిన వాసన వస్తుంది, మైలేజీ పడిపోతుంది. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్ మీద నొక్కే భాగం) జామ్ అయ్యిందని తీర్పు చెప్పి కొత్త క్యాలిపర్ వేస్తారు. వారం తిరక్కుండా అదే వాసన.

బండి లాగే తీరులో ఒక జాడ దొరుకుతుంది. ముందు కుడి హోస్ మూసుకుపోయిందనుకోండి. బ్రేకు తొక్కిన క్షణంలో కుడి చక్రానికి ఒత్తిడి ఆలస్యంగా అందుతుంది కాబట్టి బండి ఎడమకు లాగుతుంది. కాలు తీశాక కుడి చక్రం వదలదు కాబట్టి కుడికి లాగుతుంది. తొక్కితే ఒక పక్కకు, వదిలితే ఇంకో పక్కకు లాగే బండి కనపడితే మొదటి అనుమానం హోస్ మీదే పెట్టుకోండి.

తేల్చుకోవడానికి పావుగంట చాలు. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు చక్రాలు రెండూ పైకెత్తి స్టాండ్ల మీద పెట్టండి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. సాయం ఉన్న మనిషిని పెడల్ మూడు నాలుగు సార్లు గట్టిగా తొక్కి వదలమనండి. వెంటనే అనుమానం ఉన్న చక్రాన్ని చేత్తో తిప్పండి. మంచి చక్రం సన్నగా రాసుకున్న శబ్దంతో తిరుగుతుంది. బిగుసుకున్న చక్రం కదలకపోతే గడియారం చూసుకుంటూ ఆగండి. ఒకటి రెండు నిమిషాల్లో మెల్లగా వదులైతే ఆయిల్ సన్న సందులోంచి కారుతూ వెనక్కి పోతోందన్నమాట. హోస్‌కి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఉండదు.

వదలకుండా అలాగే ఉంటే, క్యాలిపర్ మీద ఉన్న బ్లీడింగ్ నిపుల్‌కి (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మరమూతి) గొట్టం తగిలించి పావు చుట్టు విప్పండి. ఆయిల్ చివ్వున చిమ్మి చక్రం వదిలితే లోపల ఒత్తిడి చిక్కుకుని ఉంది. నిపుల్ విప్పినా చక్రం బిగుసుకునే ఉంటే హోస్ తప్పు లేదు. పిస్టన్ తుప్పు పట్టింది, లేదా క్యాలిపర్ జరిగే పిన్నులు ఎండిపోయాయి.

ఒత్తిడి చిక్కుకుందని తేలాక ఇంకో ప్రశ్న మిగిలింది, అది హోస్‌లో చిక్కుకుందా, ఇంకా పైన మాస్టర్ సిలిండర్‌లోనా? నిపుల్ బిగించి, మళ్లీ పెడల్ తొక్కించి చక్రాన్ని బిగుసుకోనివ్వండి. ఈసారి హోస్‌కి పైన, స్టీలు పైపు కలిసే చోట నట్టు కొద్దిగా విప్పండి. చక్రం వదిలేస్తే తప్పు పైన ఉంది. పెడల్‌కి ఖాళీ ఆట లేకపోవడం గానీ మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ తిరిగొచ్చే చిన్న రంధ్రం మూసుకుపోవడం గానీ కారణం కావచ్చు. పై నట్టు విప్పినా వదలకుండా, నిపుల్ విప్పితేనే వదిలితే హోస్ పోయినట్టే. రెండు ముందు చక్రాలూ ఒకేసారి బిగుసుకుంటుంటే మాత్రం హోస్‌ల కన్నా ముందు మాస్టర్ సిలిండర్ వైపు చూడండి. రెండు హోస్‌లు ఒకే రోజున పోవడం అరుదు.

ఇంకో దొంగ ఉన్నాడు. కొన్ని కార్లలో హోస్ మధ్యలో ఒక ఇనుప పట్టీ చుట్టి స్ట్రట్‌కి (షాక్ అబ్జార్బర్ ఉండే నిలువు కాలు) బోల్టు చేసి ఉంటుంది. ఆ పట్టీ లోపలి వైపు తుప్పు పడితే తుప్పు పొరలు ఉబ్బి, హోస్‌ని పీక పట్టుకున్నట్టు నొక్కుతాయి. రబ్బరుకు ఏ రోగమూ లేకుండానే దారి మూసుకుపోతుంది. పట్టీ చుట్టూ ఎర్రటి తుప్పు పొరలు కనపడితే ఇంక పరీక్షలు అక్కర్లేదు.

కొత్త హోస్ కొనేటప్పుడు

ఒకే యాక్సిల్ మీది రెండూ కలిపి మార్చండి. రెండిటి వయసు ఒకటే, ఒకటి పోతే రెండోది క్యూలో ఉన్నట్టే. పైగా ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా ఉంటే బ్రేకు తేడా వస్తుంది. ఎడమ, కుడి హోస్‌లు చూడ్డానికి ఒకేలా ఉన్నా క్యాలిపర్ మీద కూర్చునే బాంజో కన్ను (బోలు బోల్టు దూరే గుండ్రటి చివర) వంపు వేరుగా ఉండొచ్చు.

పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి నాలుగు విషయాలు సరిచూడండి. పొడవు, మరలు, చివరల ఆకారం, మధ్యలో ఉండే బ్రాకెట్ స్థానం. మరల దగ్గర ఒక మోసం ఉంది. చాలా కార్లలో స్టీలు పైపు నట్టు ఎం10, 1.0 పిచ్, అంటే 10 మి.మీ. మందం, మరకీ మరకీ మధ్య 1 మి.మీ. దూరం. అంగుళాల లెక్కలో 3/8 అంగుళం మందం, అంగుళానికి 24 మరలు ఉన్న నట్టు కంటికి అచ్చం అలాగే ఉంటుంది, వదులుగా రెండు మూడు చుట్లు ఎక్కుతుంది కూడా. ఆ తర్వాత పానా పెట్టి బలవంతం చేస్తే మరలు చెడిపోతాయి. పైపు చివర పువ్వులా విప్పిన ఫ్లేర్ కూడా రెండు రకాలు. ఒకటి బుడగలా గుండ్రంగా ఉంటుంది, ఇంకోటి గరాటులా లోపలికి మడిచి ఉంటుంది. ఒకదాని గుంతలో ఇంకోటి కూర్చోదు, ఎంత బిగించినా కారుతుంది.

స్టీలు జాలీ తొడిగిన టెఫ్లాన్ హోస్‌లు వేస్తే పెడల్ కాస్త గట్టిపడుతుంది. కుటుంబ కారుకు వాటి అవసరం లేదు. లోపలి గొట్టం ఎలా ఉందో బయటికి తెలియదు, జాలీ దేనికైనా రాసుకుంటే రంపంలా దాన్నే కోసేస్తుంది.

హోస్‌లతో పాటు బాంజో బోల్టు ఒక్కోదానికి రెండు కొత్త రాగి వాషర్లు, బ్రాకెట్ దగ్గర పట్టే యు ఆకారపు క్లిప్పులు, ఒక లీటరు బ్రేకు ఆయిల్ తెచ్చుకోండి. బండిలోని బ్రేకు ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఆయిల్ రకం రాసి ఉంటుంది, అదే కొనండి. సీలు విప్పని డబ్బానే వాడాలి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 5 అని రాసి ఉన్నది సిలికాన్ ఆయిల్, దాన్ని వీటితో కలపకూడదు. డాట్ 5.1 వేరు, అది డాట్ 4 జాతిదే.

పనిముట్లు

మామూలు ఓపెన్ పానాతో ఈ పని మొదలుపెట్టొద్దు. ఫ్లేర్ నట్టు పానా అని ప్రత్యేకంగా ఉంటుంది, చూడ్డానికి రింగు పానాలో ఒక ముక్క కోసినట్టు ఉంటుంది. పైపు ఆ సందులోంచి దూరుతుంది, పానా నట్టుని చుట్టూ పట్టుకుంటుంది. ఎక్కువగా 10 లేదా 11 మి.మీ. కావాలి. హోస్ చివరి షట్కోణాన్ని పట్టుకోవడానికి ఇంకో పానా, బాంజో బోల్టుకి సాకెట్, టార్క్ పానా, తీగ బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే, బ్రేక్ క్లీనర్, ట్రే, గుడ్డలు, పారదర్శకమైన సన్న గొట్టం, ఒక సీసా ఉంటే చాలు. చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోండి. బ్రేకు ఆయిల్ కంట్లో పడితే మండిపోతుంది. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు పోసి కడగండి, ఆలస్యమైతే పెయింటు లేచిపోతుంది.

విప్పడం

ముందు రోజు సాయంత్రమే నట్లన్నీ తీగ బ్రష్‌తో గీకి, స్ప్రే కొట్టి వదిలేయండి. పొద్దున మళ్లీ ఒకసారి కొట్టండి. స్ప్రే డిస్క్ మీద పడకుండా గుడ్డ కప్పండి.

హోస్‌ని ముట్టుకునే ముందు బ్లీడింగ్ నిపుల్ కదులుతుందో లేదో చూడండి. హోస్ మార్చేశాక నిపుల్ విరిగితే గాలి తీయలేరు, బండి ఎక్కడిదక్కడే. నిపుల్‌కి ఆరు మూలల సాకెట్ వాడండి, ముందు బిగించే వైపు ఒక్క వెంట్రుకంత కదిపి, తర్వాత విప్పండి.

నిపుల్ కదిలాక దానికి గొట్టం తగిలించి తెరవండి, పెడల్‌ని మూడు సెంటీమీటర్లు కిందికి నొక్కి, సీటుకీ పెడల్‌కీ మధ్య ఒక కర్ర అడ్డం పెట్టి, నిపుల్ మూసేయండి. పెడల్ ఈ స్థితిలో ఉంటే మాస్టర్ సిలిండర్‌లో డబ్బా వైపు రంధ్రం మూసుకుంటుంది. అప్పుడు హోస్ విప్పినా డబ్బాలోని ఆయిలంతా నేల పాలు కాదు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) యూనిట్లోకి గాలి దూరదు. బ్రేకు లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి పని ఆలస్యమయ్యేలా ఉంటే బ్యాటరీ టెర్మినల్ తీసేయండి. హోస్‌ని ప్లాస్‌తో నొక్కి ఆపే అలవాటు కొందరికి ఉంది. మార్చబోయే హోస్ అయితే నష్టం లేదు, మంచి హోస్‌ని అలా నొక్కితే లోపలి పొర అక్కడే చిరిగిపోతుంది.

ఇప్పుడు పై చివర. హోస్ షట్కోణాన్ని ఒక పానాతో కదలకుండా పట్టి, ఫ్లేర్ పానాతో నట్టుని విప్పండి. ఇక్కడ కళ్లు నట్టు మీద కాదు, పైపు మీద ఉండాలి. నట్టుతో పాటు పైపు కూడా మెలి తిరుగుతుంటే వెంటనే ఆపండి. నట్టు లోపల పైపుకి తుప్పుతో అతుక్కుంది. స్ప్రే కొట్టి, కొద్దిగా ముందుకీ వెనక్కీ, ఓపిగ్గా, గడియారం ముల్లులో రెండు నిమిషాలంత దూరమే కదుపుతూ ఉండండి. కొంతసేపటికి నట్టు పైపు మీద స్వేచ్ఛగా తిరగడం మొదలవుతుంది. ఇక్కడ తొందరపడితే కోతిపుండు బ్రహ్మరాక్షసి అవుతుంది. పైపు మెలి తిరిగి చిట్లితే ఇంజను గది దాకా కొత్త పైపు వేసుకోవాలి.

నట్టు మూలలు అప్పటికే అరిగిపోయి ఉంటే ఒక ఉపాయం ఉంది. హోస్ ఎలాగూ పారేసేదే, లోహపు మూతికి ఆనుకుని రబ్బరుని కోసేయండి. ఇప్పుడు హోస్ షట్కోణం మీద ఆరు మూలల సాకెట్ నిండుగా కూర్చుంటుంది. నట్టుని లాకింగ్ ప్లాస్‌తో కదలకుండా పట్టి, నట్టుని కాకుండా హోస్ మూతినే తిప్పండి. మంట పెట్టి వేడి చేసే ఆలోచన వద్దు. బ్రేకు ఆయిల్ అంటుకుంటుంది.

నట్టు విడిపోయాక పైపు చివరకు రబ్బరు మూత తొడగండి. యు క్లిప్పుని ప్లాస్‌తో లాగండి, రాకపోతే స్క్రూడ్రైవర్‌తో వెనక నుంచి తట్టండి. తర్వాత కింది చివర. కింద బాంజో బోల్టు ఉంటే విప్పి హోస్ తీసేయండి. బాంజో లేకుండా హోస్ మూతే నేరుగా క్యాలిపర్‌లోకి మరలతో ఎక్కి ఉంటే, హోస్ మొత్తాన్ని తిప్పి ఊడదీయాలి. పై చివర ముందు విప్పమన్నది అందుకే.

ఏ కారణం చేతనైనా క్యాలిపర్ విప్పాల్సి వస్తే దాన్ని తీగతో స్ప్రింగుకి వేలాడదీయండి. కొత్త హోస్‌కి వేలాడదీస్తే దాని ఆయుష్షు అప్పుడే తగ్గిపోతుంది. వెనక డ్రమ్ము బ్రేకుల బండ్లలో హోస్ బాడీ నుంచి యాక్సిల్ దాకా వచ్చి మళ్లీ స్టీలు పైపులో కలుస్తుంది, అక్కడ రెండు చివర్లా ఫ్లేర్ నట్టూ క్లిప్పే ఉంటాయి.

బిగించడం

క్యాలిపర్ ముఖాన్ని గుడ్డతో తుడిచి వేలితో తడిమి చూడండి. పాత రాగి వాషర్ చాలాసార్లు క్యాలిపర్‌కే అతుక్కుని, రంగు మారి, క్యాలిపర్‌లో భాగంలా కలిసిపోయి ఉంటుంది. దాన్ని చూడకుండా కొత్త వాషర్ పెడితే అక్కడ రెండు వాషర్లు పడతాయి, కారుడు ఆగదు. వేలి గోటికి అంచు తగిలితే సన్న స్క్రూడ్రైవర్‌తో, ముఖం మీద గీత పడకుండా లేపండి.

బాంజో కన్నుకి అటొకటి ఇటొకటి వాషర్ పెట్టి బోల్టు ఎక్కించండి. కన్ను పక్కన చిన్న మేకులాంటి ముక్క ఉంటే అది క్యాలిపర్ మీది గాడిలో కూర్చోవాలి. అది హోస్ ఏ కోణంలో నిలబడాలో చెబుతుంది. బోల్టుని ఇప్పుడే పూర్తిగా బిగించొద్దు. నేరుగా మరలు ఎక్కే రకం హోస్ అయితే మాత్రం వరస వేరు, క్యాలిపర్ చివరను ముందే పూర్తిగా బిగించి, తర్వాతే పై చివరకు వెళ్లాలి. లేకపోతే హోస్ మెలి పడుతుంది.

పై చివరను బ్రాకెట్ రంధ్రంలో దూర్చి, పైపు నట్టుని వేళ్లతోనే నాలుగైదు చుట్లు ఎక్కించండి. వేళ్లతో ఎక్కకపోతే మర అడ్డంగా పట్టిందన్నమాట. పైపుని కొద్దిగా అటూ ఇటూ వంచి నట్టు తిన్నగా పడేలా చూసి మళ్లీ మొదలుపెట్టండి, పానా తీసుకోవద్దు. మరలకు టేపు, గమ్ము ఏమీ రాయకూడదు. ఇక్కడ సీలు చేసేది మరలు కాదు, లోహం మీద లోహం కూర్చున్న ఫ్లేర్. టేపు ముక్క ఒకటి ఆయిల్‌లో కలిసినా ఏబీఎస్ వాల్వులో ఇరుక్కుంటుంది.

క్లిప్పు కొట్టి, హోస్ ఒంటి మీది గీత చూడండి. చాలా హోస్‌ల మీద పొడవునా సన్న గీతగానీ అక్షరాల వరసగానీ ఉంటుంది. అది అందానికి వేసింది కాదు, మెలి కనిపించడానికి. స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు ఆ గీత ఒక చివర నుంచి ఇంకో చివరకు చుట్టుకోకుండా సాగాలి. చుట్టుకుంటే విప్పి సరిచేయండి. మెలిపడ్డ హోస్ ప్రతి గుంతలో ఇంకాస్త మెలిపడుతుంది, మూతి దగ్గర పగులుతుంది.

గీత కుదిరాక బిగించండి. మీ బండి మాన్యువల్‌లో అంకె ఉంటే అదే పాటించండి. చాలా కార్లలో పైపు నట్టు 12 నుంచి 18 న్యూటన్ మీటర్లు, బాంజో బోల్టు 25 నుంచి 35, నిపుల్ 6 నుంచి 10. బాంజో బోల్టు లోపల బోలుగా ఉంటుంది, బలం కొద్దీ బిగిస్తే తల ఊడి చేతికొస్తుంది. స్ట్రట్ మీది బ్రాకెట్ బోల్టుని మర్చిపోవద్దు, అది లేకపోతే హోస్ టైరుకి తగులుతుంది. చివరిగా స్టీరింగ్ రెండు పక్కలకూ పూర్తిగా తిప్పి, సస్పెన్షన్ వేలాడుతున్నప్పుడు ఒకసారి, జాకీతో చక్రాన్ని పైకి నొక్కి ఇంకోసారి, హోస్ దారిని చూడండి.

గాలి తీయడం

పెడల్‌కి అడ్డం పెట్టిన కర్ర తీసేయండి. ఆయిల్ డబ్బా నింపి, నిపుల్‌కి గొట్టం పెట్టి, గొట్టం రెండో చివర సీసాలో కొంత ఆయిల్‌లో మునిగేలా ఉంచి, నిపుల్ తెరిచి అయిదారు నిమిషాలు ఊరికే వదిలేయండి. ఆయిల్ తన బరువుకే దిగి వస్తుంది, కొత్త హోస్‌లోని గాలి చాలా వరకు అలాగే పోతుంది.

తర్వాత పెడల్‌తో. సాయం ఉన్న మనిషి మెల్లగా రెండు మూడు సార్లు తొక్కి, పట్టి ఉంచాలి. మీరు నిపుల్ అర చుట్టు తెరవాలి, ఆయిల్, బుడగలు వచ్చాక మూయాలి, మూశాకే ఆయన కాలు తీయాలి. ఈ వరస తప్పితే బయటికి పోయిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది. ఇద్దరి మధ్య మాట స్పష్టంగా ఉండాలి, "తొక్కు", "వదులు" అనే రెండు మాటలు చాలు. బుడగలు ఆగాక ఇంకో 100 మిల్లీలీటర్లు పోనివ్వండి. క్యాలిపర్‌ని రబ్బరు సుత్తితో మెల్లగా తడితే మూలల్లో దాక్కున్న బుడగలు లేస్తాయి.

పాత బండి అయితే పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టి, నేల దాకా పోకుండా చూడండి. మాస్టర్ సిలిండర్‌లో సీళ్లు రోజూ తిరగని చివరి భాగంలో తుప్పు, మడ్డి ఉంటాయి. పెడల్ అక్కడి దాకా దిగితే సీళ్లు చిరుగుతాయి. హోస్ మార్చిన మర్నాడే మాస్టర్ సిలిండర్ పోయిందని అనడం వెనక ఉండే కథ ఎక్కువసార్లు ఇదే.

నాలుగు చక్రాలకూ తీస్తుంటే మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావడం పాత పద్ధతి. కొన్ని కార్లకు వరస వేరుగా ఉంటుంది, మాన్యువల్ చూడండి. నాలుగైదు సార్లు తొక్కాక ఒకసారి డబ్బా మూత తీసి మట్టం చూస్తూ ఉండాలి. డబ్బా ఖాళీ అయితే మొదటికొచ్చినట్టే. ఏబీఎస్ యూనిట్లోకి గాలి పోతే చాలా కార్లలో స్కానర్ పెట్టి దాని పంపు తిప్పితే గానీ రాదు. సీసాలో పట్టిన ఆయిల్ ఎంత తేటగా కనపడినా తిరిగి పోయొద్దు, మురుగులోనూ పోయొద్దు, వాడిన ఇంజను ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి.

రోడ్డెక్కే ముందు

ఇంజను ఆపి ఉండగా పెడల్ గట్టిగా తగలాలి. ఇంజను స్టార్ట్ చేస్తే బూస్టర్ (పెడల్ బలాన్ని పెంచే పరికరం) వల్ల కొద్దిగా దిగుతుంది, అది మంచిదే. ఆ తర్వాత ఒక నిమిషం పాటు గట్టిగా తొక్కి పట్టించి, మీరు జాయింట్లన్నిటినీ పొడి గుడ్డతో తుడిచి టార్చి వేసి చూడండి. ఫ్లేర్ దగ్గర చెమ్మ కనపడితే ఒకసారి విప్పి, తుడిచి, మళ్లీ బిగించండి, చాలాసార్లు అప్పుడు కూర్చుంటుంది. బాంజో దగ్గర చెమ్మ ఉంటే ఇంకా బిగించడం కాదు, విప్పి వాషర్లు చూడండి.

పెడల్ మెత్తగా ఉండి, వరసగా తొక్కితే పైకి లేస్తుంటే ఇంకా గాలి ఉంది, లేదా వెనక డ్రమ్ముల్లో షూలకు ఖాళీ ఎక్కువైంది. కాలు అలాగే ఉంచితే పెడల్ మెల్లగా కిందికి జారుతూ, బయట ఎక్కడా కారకపోతే మాస్టర్ సిలిండర్ సీళ్లు పోయాయి. ఆయిల్ పడిన డిస్క్‌ని బ్రేక్ క్లీనర్‌తో కడిగితే సరిపోతుంది, ఆయిల్ పీల్చిన ప్యాడ్లను మాత్రం రెండు పక్కలా మార్చేయాలి.

చక్రాల నట్లు బిగించి, ఖాళీ చోట నడక వేగంతో నాలుగైదు సార్లు బ్రేకు వేసి చూడండి. తర్వాత వేగం పెంచండి. పది నిమిషాలు నడిపాక ఆపి, రెండు ముందు రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి వేడి పోల్చుకోండి, కాలకుండా దూరం నుంచే. రెండూ ఒకేలా ఉండాలి. మర్నాడు పొద్దున బండి కదిపే ముందు, ప్రతి జాయింటు చుట్టూ తెల్ల కాగితం ఒకసారి తిప్పి చూడండి, తడి మచ్చ పడకూడదు. నూరు కిలోమీటర్లు తిరిగాక డబ్బాలో మట్టం, జాయింట్లు ఇంకోసారి చూసి, పొడిగా ఉంటే పానా పెట్టకుండా అలాగే వదిలేయండి.